సున్నా మీది ముల్లు

ఉత్తర డకోటాలో, కోతలు అయిపోయి మంచు ఇంకా పడని ఒక శనివారం మధ్యాహ్నం. పొలం షెడ్డులో, వెనక చక్రాలు దిమ్మెల మీదికి ఎత్తిన పాత కారు కింద వెల్లకిలా పడుకుని ఆర్విడ్. పక్కన టార్చిలైటు పట్టుకుని అతని భార్య లవోన్.

"ఇటు కాదే, ఇటు! నా మొహం మీద కొడతావేంటి లైటు? ట్యాంకు పట్టీ మీద పట్టు."

"పడుతూనే ఉన్నాగా. నేను చెప్పేది కాస్త విను..."

"తర్వాత వింటాలే."

"తర్వాత కాదయ్యా, ట్యాంకు దించకముందే వినాలి. నిన్న సాయంత్రం నేను..."

"లవోన్! నోరు ఆడితే నీ చెయ్యి ఊగుద్ది. రెండు పనులు ఒకేసారి నీకు చేతకావని పెళ్ళైన కాడినుంచి చెబుతున్నా. నోరు మూసుకుని లైటు పట్టు."

"సరే. మూశా."

"ఆఁ, అట్టా. కొంచెం కిందికి. ఈ నట్టు తుప్పు తిని కూచుంది. నా ముత్తాత బిగించినట్టుంది."

"..."

"ఏంటి, నిజంగానే మూశావా?"

"మూయమన్నావుగా. అయినా నీకెందుకీ తిప్పలు? రేపు చర్చి అయ్యాక డెల్బర్టు వచ్చి చూస్తానన్నాడు. మా పిన్ని అల్లుడు, సొంత గ్యారేజీ ఉన్నవాడు, డబ్బులు కూడా వద్దన్నాడు. అతను చూస్తే పోయేదిగా?"

"డెల్బర్టు గాడు చూసేదేంటి? నా కారు కింద ఇంకొకడు దూరేదేంటి?"

"ఇన్నేళ్ళ నుంచి సున్నా మీద చచ్చి పడున్న పెట్రోలు ముల్లు, డెల్బర్టు వస్తానన్న మర్నాడే నీకు గుర్తొచ్చిందా?"

"కోతలయ్యాయి, తీరింది. దానికీ దీనికీ ముడి పెట్టకు. స్పానరు ఇటు తోయి. అది కాదు, పొట్టిది."

"ఇంతకీ రోగం ఏంటంటావు?"

"ఇంకేముంటది, ఫ్లోటు. ట్యాంకులో పెట్రోలు మీద తేలే ఇత్తడి బుడ్డి ఉంటదే, అది. అది పైకి తేలితే ముల్లు లేస్తది, మునిగితే పడుద్ది. దానికి చిల్లు పడింది, లోపలికి పెట్రోలు పోయింది, మునిగింది."

"ట్యాంకు ఇంకా దించనేలేదు. బుడ్డికి చిల్లు పడిందని ఎట్టా తెలిసింది?"

"తెలుస్తది."

"పోయినసారి అయితే దాన్ని బయటికి తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి, గలగలమంటే అప్పుడు చెప్పావు. నా సూపు గిన్నెలో వేడి నీళ్ళు పెట్టించి అందులో ముంచావు. సన్నగా బుడగలొచ్చిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టి టంకం వేశావు. గుర్తుందా? ఆ గిన్నె ఎన్నిసార్లు తోమినా పెట్రోలు కంపు పోలేదు, చివరికి కోళ్ళకి నీళ్ళు పెట్టా."

"అప్పుడంటే అప్పుడు. ఈసారి టంకానికి లొంగదు. కొత్తది కావాలి."

"ఎక్కడ దొరుకుద్ది?"

"ఇంత పాత కారుకి ఇక్కడెక్కడ దొరుకుద్ది? తూర్పున ఎవడో పాత సామాన్లవాడు ఉన్నాడంట, వాడికి చెప్పి తెప్పించాలి. అదొచ్చేదాకా ట్యాంకు కింద, కారు దిమ్మెల మీద."

"అంటే సోమవారానికి కాదా?"

"సోమవారమా? మంచు కరిగేదాకా ఆశ పెట్టుకోకు. అయినా సోమవారం ఏముంది?"

"ఏం లేదు."

"ఏం లేనప్పుడు తొందరేంటి? కొట్టుకి పోవాలంటే ట్రక్కులో నేను తీసుకుపోనా? చర్చికి తీసుకుపోనా? నీకింకెక్కడ పనులు?"

"ఎక్కడా లేవు. కానీ, నీ పని కానీ."

"అదీ. మొదటి పట్టీ ఊడింది. ఇంక రెండోది. అడుగున నాలుగు చుక్కలుంటాయి అంతే, రొమ్ము మీదికి దించుకుని పక్కకి జరిపేస్తా. వస్తంది... వస్తంది... అబ్బా! అమ్మో! లవోన్!"

"ఏమైంది?"

"బరువే! రొమ్ము మీద పడింది! చేతులు... చేతులు కిందే ఇరుక్కుపోయాయి. ఖాళీ ట్యాంకు ఇంత బరువేంటే?"

"ఖాళీ అని ఎవరన్నారు?"

"ఎవరనేదేంటి? మైళ్ళు లెక్క చూశా! రాత్రి కూడా చూశా! ఆ లెక్కన అడుగంటి ఉండాలి!"

"ఊపిరాడుతోందా?"

"ఆడుతోంది... కొంచెం. వెనక గొట్టం పట్టి ఆపింది కాబట్టి సరిపోయింది, లేకపోతే పచ్చడయ్యేవాణ్ణి. ఆ మూల జాకీ ఉంది, తోసుకురా. పైన చెక్క పలక కూడా. త్వరగా!"

"ఇప్పుడు మాట్లాడొచ్చా?"

"ఏంటి?"

"ఇందాక నోరు మూయమన్నావుగా. ఇప్పుడు తెరవొచ్చా అని."

"తెరువు, తెరువు! ముందు జాకీ తే!"

"నిన్న సాయంత్రం బంకులో నిండా పోయించా. మెడ దాకా. అదే చెప్పబోయా నీకు."

"నిండానా? ఎందుకు? ఎప్పుడూ సగానికి మించి పోయించొద్దన్నానా లేదా?"

"అన్నావు. పాత కారు, నిండా పోస్తే కారుద్దన్నావు. కారలేదు మరి. ఉండు, ఈ బకెట్టు బోర్లించుకుని కూచుంటా. మోకాళ్ళు లాగుతున్నాయి."

"కూచుంటావా? ఏమే, మతి పోయిందా? నేనిక్కడ చస్తుంటే!"

"చావవులే. తిట్టేంత ఊపిరుంది. ఎన్నేళ్ళయిందయ్యా మన పెళ్ళయి? నువ్వు మధ్యలో లేచిపోకుండా నా మాట వింటున్నది ఇదే మొదలు. నేనేదన్నా మొదలుపెడితే చాలు, ఆవుకి నీళ్ళు పెట్టాలనో, ట్రాక్టరు ఆగిందనో టోపీ పెట్టుకుని పోతావు. ఇవాళ టోపీ కూడా నా దగ్గరే ఉంది."

"ఎగతాళా? జాకీ తేవే, నీకు దణ్ణం పెడతా."

"చేతులు ఇరుక్కున్నాయన్నావు, ఎట్టా పెడతావు?"

"లవోన్..."

"తెస్తా. తేకుండా ఎక్కడికి పోతా. ఒక్క మాట అడుగుతా, చెప్పు. ఆ మధ్య కంకర దారిలో నాకు టైరు పంక్చరయింది, చెప్పాగా?"

"చెప్పావు. అయితే?"

"స్టెప్నీ తీయడానికి డిక్కీలో చాప ఎత్తా. దాని కింద ఒక వైరు. ట్యాంకు నుంచి మీటరుకి పోయేది. మధ్యలో ఊడదీసి ఉంది."

"...ఎలకలు."

"ఏంటి?"

"ఎలకలు కొరికుంటాయి. షెడ్డు నిండా ఎలకలే."

"కొరికిన ఎలకలు వైరు చివరకి నల్ల టేపు కూడా చుట్టాయంటావా?"

"డెల్బర్టు గాడి పనై ఉంటది. ఎప్పుడో బ్రేకులు చూశాడుగా."

"పాపం డెల్బర్టు. ఆ టేపు చివర ఎట్టా ఉందో తెలుసా? చెవిలాగా చిన్న మడత పెట్టి ఉంది. మళ్ళీ విప్పేటప్పుడు గోటికి అందాలని. నా మణికట్టు బెణికినప్పుడు కట్టు కట్టి, దానికీ అట్టాగే మడిచావు. మన పిల్ల పుట్టినరోజు పొట్లాలకీ అట్టాగే. ఈ జిల్లా మొత్తంలో టేపుకి చెవి మడిచేవాడు ఇంకొకడున్నాడా?"

"చెయ్యి తిమ్మిరెక్కింది."

"నేను ఆ దారి పక్కనే వైరు కలిపి, తాళం తిప్పా ఆర్విడ్. ముల్లు లేచింది. ఒక్కసారిగా కాదు, నిద్ర లేచిన మనిషిలాగా మెల్లగా, ఒళ్ళు విరుచుకుంటూ లేచింది. నాకు నవ్వొచ్చింది. ఆ చలిలో, పంక్చరైన టైరు పక్కన, ఒక్కదాన్నే నవ్వా. తర్వాత పిల్ల పాటల పోటీ గుర్తొచ్చింది."

"ఏ పోటీ?"

"అదే, రాజధానిలో పాడింది. నేను బయల్దేరుతుంటే వచ్చి అద్దంలోంచి తొంగి చూశావు. ముల్లు సున్నా మీదుంది, ఆదివారం బంకు మూసుంటది, దారిలో ఆగిపోతే గడ్డకట్టి చస్తావన్నావు. నేను దిగి లోపలికొచ్చి రొట్టెలు కాల్చా. పిల్ల ఫోన్లో పాడి వినిపించింది."

"నీ మంచికే చెప్పా. ఆ ఏడు మంచులో ఎంతమంది చచ్చారో నీకు తెలుసు."

"పెట్రోలు ఎంతుందో తెలిస్తే ఎందుకు చస్తా? ముల్లు పీకేసి, నీ మంచికే అంటావేంటి?"

"నీకు అర్థం కాదులే."

"అర్థమయ్యేట్టు చెప్పు. ముల్లు లేదు కాబట్టి మైళ్ళు లెక్క పెట్టుకోవాలన్నావు. రోజూ సాయంత్రం కారులో తల పెట్టి మైళ్ళు చూసేవాడివి. పెట్రోలు కోసమే అన్నావు. నేనూ నమ్మా. మా అమ్మ సమాధికి పోయొస్తే ఇంత, కొట్టుకి పోయొస్తే ఇంత. రెండు మైళ్ళు ఎక్కువ తిరిగితే అన్నం కాడ అడిగేవాడివి, 'ఇవాళ దారి తప్పావా' అని. నవ్వుతూనే అడిగేవాడివి."

"అడగడం కూడా తప్పేనా?"

"కట్టేసిన ఆవుకి తాడు ఎంత పొడుగో తెలుస్తది ఆర్విడ్. నాకు అదీ తెలీదు."

"అబ్బ, ఇంక చాలు. జాకీ తే. నీ దగ్గర ఇన్ని మాటలున్నాయని తెలిస్తే ముందే చెవుల్లో దూది పెట్టుకునేవాణ్ణి."

"వైరు పీకిందెవరో చెప్పు, తెస్తా."

"ఎవరో."

"ఎవరో అంటే?"

"ఎవరో ఒకరు! పాత కారు! మనం కొనకముందే..."

"కొన్నప్పుడు బానే ఉంది. బుడ్డికి టంకం వేశాక కూడా బానే ఉంది, ఆ పండక్కి ముల్లు చూసుకునే మా అమ్మ దగ్గరికి పోయొచ్చా. ఆ తర్వాతేగా మళ్ళీ పడిపోయింది?"

"లవోన్, ఊపిరి..."

"పక్కటెముకలతో పీల్చు, వస్తది. ఎవరు పీకారు?"

"నేను! నేనే పీకా! చాలా? ఇప్పుడు చల్లబడిందా కడుపు?"

"ఎందుకు?"

"మళ్ళీ ఎందుకేంటి? ఒక్క మాటన్నావు!"

"అది సగం మాటే."

"...మీ అక్క."

"మా అక్కేం చేసింది నిన్ను?"

"నన్నేం చేస్తది. మొగుణ్ణి వదిలి పోయిందిగా ఆ ఏడు. బట్టలు కారులో పడేసుకుని, వాడు పొలంలో ఉండగా పడమటికి పోయింది. రెండ్రోజులకి నీకు ఫోన్ చేసింది. నువ్వు వంటింట్లో నిలబడి నవ్వుతున్నావు. ఏం చెప్పిందో నాకు తెలీదు. అంత నవ్వు నీ మొహాన నేను ఎప్పుడూ చూళ్ళేదు. ఆ మధ్యాహ్నమే డిక్కీ తెరిచా."

"అది ఏం చెప్పిందో ఇన్నేళ్ళలో నన్ను అడగొచ్చుగా?"

"ఏం చెప్పింది?"

"హోటల్లో దొరికిన సబ్బుల్ని చాక్లెట్లనుకుని కొరికిందంట. దానికి నవ్వా."

"సబ్బులా?"

"సబ్బులే."

"...నువ్వు కూడా పోతావనుకున్నా."

"పోయా."

"ఏంటి?"

"మూడు వారాలుగా పోతూనే ఉన్నా. వైరు పొద్దున కలిపేదాన్ని, నువ్వొచ్చే వేళకి పీకేసేదాన్ని. టేపుకి చెవి కూడా మడిచేదాన్ని, నీకు తేడా తెలీకుండా."

"మైళ్ళు తిరగలేదే! నేను రోజూ చూస్తున్నా!"

"వేగం మీటరు వెనక ఒక తాడులాంటి కేబులుంటది. చేత్తో తిప్పితే ఊడొస్తది. అది ఊడితే మైళ్ళూ తిరగవు. నీ దగ్గర నేర్చుకున్న విద్యే, ఊడబీకితే ఎవరికీ తెలీదని."

"ఎక్కడికి? ఎక్కడికి పోయావు మూడు వారాలు? ఎవరితో?"

"అదిగో, ఊపిరి బానే వచ్చింది. జిల్లా ఆఫీసులున్న ఊళ్ళో బడి బస్సుల షెడ్డుకి. ఇన్నాళ్ళూ బస్సు నడిపిన ఓలాఫ్ ముసలాయనకి చూపు మందగించింది, మన వైపు బస్సు నడిపేవాళ్ళు లేరని చర్చిలో చెప్పారుగా. పోయి నేర్చుకున్నా. వెనక్కి నడపడం, రైలు కట్ట దగ్గర ఆపి, తలుపు తీసి రైలొస్తోందేమో వినడం, పిల్లలు దిగేదాకా ఎర్రలైటు వేసి ఆపడం. పరీక్ష పాసయ్యా. సోమవారం నుంచి ఆ బస్సు నాది."

"నువ్వా? బడి బస్సా? నువ్వు ట్రక్కు కూడా నడపలేవు!"

"నువ్వు ఇవ్వలేదు. నడపలేకపోవడం, ఇవ్వకపోవడం ఒకటేనా?"

"అందుకా ట్యాంకు నిండా పోయించావు? పోవడానికి?"

"అందుక్కాదు. నవ్వకు మరి. ముల్లు ఆ చివరిదాకా లేవడం ఒక్కసారి చూద్దామని. బంకులో కుర్రాడు ఆపబోతే ఇంకా పొయ్యమన్నా. కారులో కూచుని చాలాసేపు దాన్నే చూశా. అది అట్టా నిలబడుంటే నాకేదో పెళ్ళినాటి ఫోటో చూసినట్టుంది."

"ఆ ఫోటో ఇప్పుడు నా రొమ్ము మీదుంది."

"ఉంది. అదీ నేను అనుకోలేదు. డెల్బర్టు రేపు వచ్చి డిక్కీ తెరిస్తే నీ టేపు కనపడుద్ది, ఊరంతా నవ్వుతారు, అందుకని ఇవాళే నువ్వే వచ్చి, 'లవోన్, తప్పయింది' అని వైరు కలుపుతావనుకున్నా. రాత్రంతా ఎదురుచూశా. నువ్వేమో ట్యాంకే ఊడబెరుకుతున్నావు."

"సరే, తప్పయింది. ఇప్పుడంటున్నాగా. జాకీ తే. పట్టీలు మళ్ళీ నేనే బిగిస్తా. వైరు కలుపుతా. సోమవారం నువ్వు కారేసుకుని పో, నేనేమీ అనను. మాటిస్తున్నా."

"మైళ్ళు?"

"చూడను. ఒట్టు."

"ఒట్టొద్దులే. ఉండు, తెస్తున్నా... ఇదిగో పలక. మోకాలు తియ్యి. ఇంకొంచెం. లేపుతున్నా, చెప్పు ఆనిందా?"

"ఆనింది. లేపు. లేపు... హమ్మయ్య. ఇంకొక్క పట్టు. ఆఁ! వచ్చింది చెయ్యి. కాళ్ళు పట్టుకుని లాగు."

"లాగుతున్నా. తల జాగ్రత్త. చూడనీ, ఎముకలేమన్నా..."

"ముట్టుకోకు. బానే ఉన్నా."

"చొక్కా విప్పు, చల్లనీళ్ళ గుడ్డ వేస్తా. కమిలిపోయింది."

"అక్కర్లేదన్నానా."

"సరే. అయితే ఆ నట్లు ఇటివ్వు. పట్టీలు నేను పడుకుని బిగిస్తా, నువ్వు లైటు పట్టుకుందువు."

"ఏ నట్లు?"

"ఇందాక విప్పి చొక్కా జేబులో వేసుకున్నావే."

"ఇవా? ఇవి ఇక్కడే ఉంటాయి."

"ఆర్విడ్."

"ఏంటి ఆర్విడ్? మొగుడు ట్యాంకు కింద నలుగుతుంటే బకెట్టు వేసుకుని కూచున్నదానికి నట్లు కూడా చేతికివ్వాలా?"

"మాటిచ్చావు."

"రొమ్ము మీద పది పుట్ల బరువు పెట్టుకుని ఇచ్చిన మాట కూడా మాటేనా? ఎవడైనా ఇస్తాడు. ట్యాంకుకి తుప్పు పట్టిందని రేపు డెల్బర్టుకి చెబుతా, వాడు నన్ను కాదని తాకడు. వసంతం వచ్చేదాకా కారు అట్టాగే ఉంటది."

"తప్పయిందని కూడా అన్నావు."

"అన్నా. అదీ బరువు మీదే అన్నా. ఏం చేస్తావు? బస్సుల షెడ్డు నలభై మైళ్ళు. బడి బస్సు పొద్దు పొడవకముందే కదలాలి. ఆ చీకట్లో, ఆ చలిలో నిన్నెవడు తీసుకుపోతాడు? ఓలాఫుకి కళ్ళే కనపడవు. మీ పిన్ని కూతురు ఎనిమిదింటికి గాని లేవదు. ట్రక్కు తాళాలా, నా జేబులో."

"నీ జేబులు పెద్దవేలే."

"వెక్కిరించు. నడిచిపోతావా? పో. సోమవారం తెల్లారేటప్పటికి సగం దారిలో ఉంటావు."

"నిజమే. షెడ్డు చాలా దూరం."

"తెలిసిందా మరి?"

"దూరమని నాకు ముందే తెలుసు. మూడు వారాలు తిరిగాగా."

"అందుకే చెబుతున్నా, లోపలికి పద. సూపు వేడి చెయ్యి. సోమవారం వాళ్ళకి ఫోన్ చేసి నావల్ల కాదని చెప్పు, సరిపోద్ది. నాకూ నీ మీద కోపమేం లేదు. మనం మనం అనుకున్నాం, అయిపోయింది."

"ఆ టార్చి ఆపేయనా?"

"ఆపు. ఊరికే కాలుద్ది. ...ఏంటది? ఎవరిదే ఆ హారను? ఇంత పెద్దగా ఎవడు కొడుతున్నాడు మన గేటు దగ్గర? డెల్బర్టు రేపు కదా వచ్చేది?"

"బస్సుది. పల్లెదారి బస్సులు రాత్రిళ్ళు డ్రైవరింటి దగ్గరే ఉంటాయి ఆర్విడ్, మొదటి పిల్లాడి ఇల్లు మన మలుపులోనే. నా బస్సు తెచ్చారు, దారికి అడ్డంగా ఉన్న నీ ట్రక్కు పక్కకి జరిపి దాన్ని లోపలికి రానీ."